తన్ను తాను దిద్దుకొనే మెదడు: న్యూరోఫీడ్‌బ్యాక్ శిక్షణ

గోదావరి జిల్లాలలో పుట్టి పెరిగిన విద్యార్థికి ధవళేశ్వరం పేరు కొత్తది కాదు. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఆరంభించి 1852 నాటికి ముగించిన ఆనకట్ట స్థానంలో 1982 నాటికి నేటి బ్యారేజి పూర్తి అయింది. దానికి మొత్తం 175 గేట్లు. వరద రోజులలో అక్కడి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ చేస్తారు. గేజి మీద కనిపించే అంకెను చూచి గేట్లను ఎత్తడమో దించడమో జరుగుతుంది. గేట్లు కదిలిన ఫలితం కొంత సేపటికి మరల ఆ గేజి మీదనే కనిపిస్తుంది. ఆ కొత్త అంకెను చూచి గేట్లను మరల సవరిస్తారు.

ఇక్కడ గేజి చేసే పని ఎంత? అది ఒక్క చుక్క నీటినైనా ఆపదు, ఒక్క గేటునైనా కదపదు. ఉన్నది ఉన్నట్లు, వెంటనే చెబుతుంది. అంతే. అయినా అది లేకపోతే 175 గేట్లూ ఉండి ప్రయోజనం లేదు. చేసిన పని ఫలితాన్ని, ఆ పని చేసిన వారికే తిరిగి తెలియజేయడాన్ని శాస్త్రజ్ఞులు ఫీడ్‌బ్యాక్ అంటారు. తెలుగులో తిరుగు సమాచారం అనుకోవచ్చు. మెదడుకు దాని స్థితిని దానికే చూపించి, తన్ను తాను దిద్దుకొనేటట్లు చేసే ప్రయత్నమే న్యూరోఫీడ్‌బ్యాక్ శిక్షణ.

మేము ఈ విషయాన్ని ఎన్నుకొనడానికి కారణం ఉన్నది. మూర్ఛ వ్యాధి ఉన్న బిడ్డను, చదువు మీద మనసు నిలువని పిల్లవాడిని, మోటారు సైకిలు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి మునుపటి మనిషి కాలేకపోయిన యువకుడిని వెంటబెట్టుకొని ఊరూరా తిరిగే కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. "మందులు లేకుండా మెదడుకు శిక్షణ" అనే మాట చెవిన పడితే వారికి ఆశ కలగడం సహజం. ఆ ఆశకు ఆధారం ఎంత, అతిశయోక్తి ఎంత అనేది చదువుకొన్న వారు తెలిసికొని చెప్పవలసి ఉన్నది.

మెదడులోని తూకం

మానవుని మెదడు బరువు కిలోన్నరకు లోపే. శరీరపు బరువులో అది నూటికి రెండు వంతులు మాత్రమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తిలో నూటికి ఇరవై వంతుల వరకు అదే వాడుకొంటుంది. ఆ శక్తికి కణాలలో చెల్లుబాటయ్యే నాణెం ఎ.టి.పి. అనే పదార్థం. దానిని కనుగొన్న వారిలో ఒకరు 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని లోకానికి వెల్లడించారు. అదే కాలంలో జర్మనీలో లోమన్ అనే శాస్త్రజ్ఞుడు కూడా ఎ.టి.పి.ని వేరుగా కనుగొన్నాడు. మన డెల్టా గడ్డ మీద పుట్టిన మేధ ఈ విధంగా మేధస్సును నడిపించే ఇంధనాన్నే గుర్తించింది.

ఇంత ఇంధనం ఎందుకు? మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఒక్కొక్కటి వేలాది ఇతర కణాలతో సంబంధం పెట్టుకొంటుంది. వాటిలో కొన్ని పక్క కణాలను ఉత్తేజపరుస్తాయి. కొన్ని వాటిని అణచి ఉంచుతాయి. ఉత్తేజం, అణచివేత అనే ఈ రెండింటి మధ్య తూకం క్షణక్షణం నిలబడుతూ ఉండాలి. అణచివేత తగ్గి, లక్షల కణాలు ఒక్కసారిగా ఒకే తాళంలో ఉద్రేకించినప్పుడు మూర్ఛ వస్తుంది. తూకం మరొక వైపు ఒరిగితే మగత, మాంద్యం కలుగుతాయి. మెదడు నడిబొడ్డున ఉన్న థాలమస్ అనే భాగం, పై పొర అయిన మస్తిష్క వల్కలంతో నిరంతరం సంకేతాలు ఇచ్చి పుచ్చుకొంటూ, ఏ సమాచారాన్ని పైకి పంపాలో, దేనిని ఆపాలో నిర్ణయించడంలో ముఖ్య పాత్ర వహిస్తుంది. అది కూడా ఒక లాకు వంటిదే.

మన దేహంలో ఫీడ్‌బ్యాక్ మార్గాలు చాలా ఉన్నాయి. మెడలోని రక్తనాళాల గోడలలో రక్తపు పోటును కనిపెట్టే గ్రాహకాలు ఉన్నాయి. పోటు పెరిగితే అవి మెదడుకు వార్త పంపుతాయి, మెదడు గుండె వేగాన్ని తగ్గిస్తుంది. కళ్లు మూసుకొన్నా మన చేయి ఎక్కడ ఉన్నదో మనం చెప్పగలం, ఎందుకంటే కండరాల నుండి, కీళ్ల నుండి వార్తలు వస్తూనే ఉంటాయి. కాని మెదడుకు తన విద్యుత్ తరంగాలను తెలిపే జ్ఞానేంద్రియం ఏదీ లేదు. ఇప్పుడు నా మెదడులో ఏ తరంగం ఎగసిపడుతున్నదో నాకు తెలియదు. తెలియనిదాన్ని దిద్దుకొనడం ఎట్లా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి ఒక యంత్రం కావలసి వచ్చింది.

నాడి నుండి తరంగం వరకు

దేహం బయటకు పంపే సూచనలను బట్టి లోపలి స్థితిని తెలిసికొనడం వైద్యశాస్త్రంలో పాత విద్యయే. యూనానీ వైద్యానికి మూలపురుషులలో ఒకరైన ఇబ్న్ సీనా (980–1037) తన వైద్య గ్రంథమైన "ఖానూన్"లో, ప్రేమ వలన చిక్కి శల్యమైన రోగి మనసులోని మాట తెలిసికొనే ఉపాయం చెప్పాడు. వైద్యుడు రోగి నాడి పట్టుకొని పేర్లను ఒకటొకటిగా ఉచ్చరించాలి. ఏ పేరు వద్ద నాడి గతి మారుతుందో ఆ పేరే వ్యాధికి మూలం. హకీముల నబ్జ్ పరీక్షకు ఉన్న ప్రతిష్ఠ మన పెద్దలు ఎరిగినదే. అయితే ఇక్కడ ఒక తేడా గమనించాలి. నాడి చెప్పిన వార్త హకీముకు చేరింది గాని రోగికి చేరలేదు. ఆ వార్తను రోగికే వినిపిస్తే ఏమవుతుంది అనే ఆలోచన రావడానికి తొమ్మిది వందల ఏండ్లకు పైగా పట్టింది.

జంతువుల మెదడులో విద్యుత్ ప్రవాహాలు ఉన్నాయని ఇంగ్లండులోని లివర్‌పూల్ వైద్యుడు రిచర్డ్ కేటన్ 1875లో ప్రకటించాడు. మనిషి తల మీద నుండి ఆ విద్యుత్తును మొదటిసారి 1924లో నమోదు చేసి, 1929లో ప్రచురించినవాడు జర్మనీలోని యేనా నగరంలో పని చేసిన హాన్స్ బెర్గర్. ఈ పద్ధతినే నేడు ఇ.ఇ.జి. అంటున్నారు. తల చర్మం మీద దొరికే విద్యుత్తు చాలా స్వల్పం. అది వోల్టులో పది లక్షల వంతులైన మైక్రోవోల్టులలో ఉంటుంది. 50 మైక్రోవోల్టుల తరంగం టార్చిలైటులోని ఒక్క సెల్లు ఇచ్చే 1.5 వోల్టులలో ముప్ఫై వేలవ వంతు. కనుక దానిని అనేక రెట్లు పెంచితే తప్ప చూడలేము.

సెకనుకు ఎన్నిసార్లు ఎగసిపడుతుందో దాన్ని బట్టి తరంగాలకు గ్రీకు అక్షరాల పేర్లు పెట్టారు. సెకనుకు నాలుగు సార్ల లోపు ఉంటే డెల్టా, అది గాఢనిద్రలో ప్రబలం. 4 నుండి 8 వరకు థీటా, మగతలో కనిపిస్తుంది. 8 నుండి 13 వరకు ఆల్ఫా, కళ్లు మూసుకొని ప్రశాంతంగా మేల్కొని ఉన్నప్పుడు తల వెనుక భాగంలో బాగా కనిపించి, కళ్లు తెరవగానే అణగిపోతుంది. 13 నుండి 30 వరకు బీటా, మెలకువలోను, పనిలో నిమగ్నమైనప్పుడు ఉంటుంది. ఆకారాన్ని బట్టి మన నదీముఖ భూమికి డెల్టా అని పేరు వచ్చిన అక్షరమే మెదడులోని అతి నెమ్మది తరంగానికి కూడా పేరయింది. ఒక తరంగం మంచిది, మరొకటి చెడ్డది అని అనుకోరాదు. నిద్రలో డెల్టా ఉండవలసినదే, పరీక్ష వ్రాసేటప్పుడు ఉండరాదు. ఏ వేళకు ఏది తగినదో దానిలోనికి మారగలగడమే ఆరోగ్యం.

మెదడు నేర్చుకొన్నది

1958 ప్రాంతంలో షికాగో విశ్వవిద్యాలయంలో జో కమియా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక సులభమైన ప్రయోగం చేశాడు. ఒక వ్యక్తిని చీకటి గదిలో కళ్లు మూసుకొని కూర్చోబెట్టి, తలకు ఎలక్ట్రోడులు అమర్చాడు. అప్పుడప్పుడు గంట మోగుతుంది. మోగినప్పుడు తన మెదడులో ఆల్ఫా తరంగం ఉన్నదో లేదో ఆ వ్యక్తి ఊహించి చెప్పాలి. చెప్పినది ఒప్పో తప్పో వెంటనే తెలియజేస్తారు. మొదటి రోజు ఊహలలో సగం మాత్రమే ఒప్పు, అంటే బొమ్మా బొరుసా వేసినట్లే. రెండవ రోజు నూటికి 65, మూడవ రోజు 85. నాలుగవ రోజుకు దాదాపు ప్రతి ఊహ ఒప్పే. ఎట్లా గుర్తు పడుతున్నాడో మాటలలో చెప్పడం కష్టమే, అయినా గుర్తు పట్టగలిగాడు. తరువాతి ప్రయోగాలలో కొందరు ఆ తరంగాన్ని కోరినప్పుడు తెప్పించుకొనడం, తగ్గించుకొనడం కూడా నేర్చుకొన్నారు.

ఇక రెండవ కథలో పాత్రలు పిల్లులు. కాలిఫోర్నియాలో బారీ స్టర్మన్ 1960ల చివరి భాగంలో వాటి మెదడులో సెకనుకు 12 నుండి 15 సార్లు ఆడే ఒక తరంగాన్ని గమనించాడు. పిల్లి కదలక మెదలక, అయినా అప్రమత్తంగా కూర్చొన్నప్పుడు కదలికలకు సంబంధించిన వల్కల భాగంలో అది పుడుతుంది. ఆ తరంగం వచ్చినప్పుడల్లా పాలు, పులుసుతో కూడిన ఆహారం బహుమానంగా ఇచ్చేసరికి పిల్లులు దానిని పదేపదే పుట్టించడం నేర్చుకొన్నాయి. తరువాత వేరొక పని మీద, మూర్ఛలు కలిగించే రాకెట్టు ఇంధనపు విష ప్రభావాన్ని పిల్లుల మీద పరీక్షించవలసి వచ్చింది. అనుకోకుండా ఒక సంగతి బయటపడింది. మునుపు ఆ శిక్షణ పొందిన పిల్లులు ఆ విషాన్ని ఎక్కువగా తట్టుకొన్నాయి, వాటికి మూర్ఛలు ఆలస్యమయ్యాయి. ఆ పిల్లులకు ఈ ప్రయోగం మీద ఆశ గాని నమ్మకం గాని ఉండే అవకాశం లేదన్నది ఇక్కడ గుర్తుంచుకొనవలసిన మాట.

ఆ తరువాత స్టర్మన్ బృందం మూర్ఛ వ్యాధి ఉన్న 23 ఏండ్ల ఒక స్త్రీకి ఇదే శిక్షణ ఇచ్చి, ఆమెకు మూర్ఛలు బాగా తగ్గాయని 1972లో ప్రకటించింది. న్యూరోఫీడ్‌బ్యాక్‌ను చికిత్సగా వాడడానికి నాంది ఇదే. 1976లో టెనెసీ విశ్వవిద్యాలయానికి చెందిన జోయెల్ లూబర్, నిలకడ లేని పిల్లల విషయంలో దీనిని వినియోగించిన మొదటి నివేదిక వెలువరించాడు.

శిక్షణ జరిగే తీరు

శిక్షణ పొందే వ్యక్తిని కుర్చీలో కూర్చోబెట్టి, తల మీద నిర్ణీత స్థానాలలో చిన్న ఎలక్ట్రోడులను జిగురు వంటి పదార్థంతో అమర్చుతారు. అవి మెదడులోనికి ఏ విద్యుత్తునూ పంపవు, ఉన్నదాన్ని గ్రహిస్తాయి అంతే. కంప్యూటరు ఆ తరంగాలను విడదీసి, కోరిన తరంగం ఎంత ఉన్నదో లెక్క కడుతుంది. కోరిన స్థాయికి చేరితే తెర మీది బొమ్మ కదులుతుంది, లేక ఒక స్వరం వినిపిస్తుంది. చేరకపోతే బొమ్మ ఆగిపోతుంది. ఇది సెకనులో కొద్ది భాగంలోనే జరగాలి. ఒక్కొక్క శిక్షణ సుమారు అరగంట. ఇటువంటివి ఇరవై నుండి నలభై వరకు చేయించడం పరిపాటి. బొమ్మను కదిలించడం ఎట్లాగో ఎవరూ చెప్పలేరు. సైకిలు మీద తూకం నిలపడం మాటలతో నేర్పలేనట్లే, మెదడు తడబడుతూ, సరిపడిన దారి దొరికినప్పుడు దాన్ని పట్టుకొని తిరిగి తిరిగి నడుస్తుంది. బహుమానం లభించిన చర్యను మరల చేయడమన్నది మెదడు సహజ లక్షణం.

సమాచారం వెంటనే అందాలి అన్న నియమాన్ని మన రెండు సంప్రదాయాలూ ఎప్పటి నుండో ఎరుగును. ఖురాను కంఠస్థం చేసే హిఫ్జ్ విద్యార్థి ఉస్తాదు ఎదుట కూర్చొని వల్లిస్తాడు. ఒక్క అక్షరం, ఒక్క దీర్ఘం తప్పితే ఉస్తాదు అక్కడికక్కడే ఆపుతాడు, పాఠం ముగిసిన తరువాత కాదు. ఇక మన డెల్టా అవధాన విద్యకు పుట్టినిల్లు వంటిది. తిరుపతి వేంకట కవులలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జన్మస్థలం కడియం, దివాకర్ల తిరుపతిశాస్త్రిది భీమవరం దగ్గరి యండగండి. అష్టావధానంలో ఎనమండుగురు పృచ్ఛకులు నలువైపుల నుండి సమస్యలు, నిషిద్ధాక్షరాలు, అప్రస్తుత ప్రసంగాలు విసరుతూ ఉంటే, మ్రోగిన గంటలను లెక్కించుకొంటూనే అవధాని పద్యం సాగిస్తాడు. తప్పు దొర్లితే సభలోనే తెలిసిపోతుంది. అవధానం అనే మాటకు అర్థమే ఏకాగ్రత. అది పుట్టుకతో వచ్చిన వరం మాత్రమే కాదు, తప్పును తప్పు అని వెంటనే చెప్పేవారి మధ్య సాధన చేసి సంపాదించుకొనే నేర్పు.

మన దేశంలో జరిగిన పరిశోధనలు

యంత్రం లేకుండానే మెదడు స్థితిని మార్చుకొనగల వారు ఉన్నారా అని మన దేశంలో కమియా కాలంలోనే పరీక్షించారు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో బి.కె. ఆనంద్, జి.ఎస్. ఛీనా, బల్దేవ్ సింగ్ అనే శాస్త్రజ్ఞులు యోగుల మెదడు తరంగాలను నమోదు చేసి 1961లో ప్రచురించారు. మామూలుగా వెలుతురు, చప్పుడు వంటివి తగలగానే ఆల్ఫా తరంగం చెదిరిపోతుంది. ధ్యానంలో ఉన్న యోగులలో అది చెదరలేదు. ఇద్దరు యోగులు 4 డిగ్రీల సెల్సియస్ చల్లని నీటిలో 45 నుండి 55 నిమిషాల పాటు చేయి ఉంచినప్పటికీ ఆల్ఫా కొనసాగింది. పరీక్షించిన యోగుల సంఖ్య చాలా తక్కువ. అయినా ఏండ్ల తరబడి సాధన మెదడు ప్రతిస్పందనను మార్చగలదన్న సూచన దానిలో ఉన్నది.

బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ పేరు మన ప్రాంతపు రోగులకు సుపరిచితమే. 1974లో నేటి రూపం దాల్చిన ఆ సంస్థలోని నాడీ మనస్తత్వ శాస్త్రజ్ఞులు, ప్రమాదాలలో తలకు గాయమైన వారికి న్యూరోఫీడ్‌బ్యాక్ ఇచ్చి పరిశీలించారు. అటువంటి వారు పైకి ఆరోగ్యంగా కనిపిస్తారు. కాని మతిమరుపు, చిరాకు, తలనొప్పి, పని మీద నిలవని దృష్టి వారిని బాధిస్తూ ఉంటాయి. శిక్షణ పొందిన వారిలో ఇటువంటి లక్షణాలు తగ్గినట్లు ఆ పరిశీలనలు నివేదించాయి. అయితే తల గాయం కాలక్రమంలో తనంతట తాను కూడా కొంత నయమవుతుంది. మేలు శిక్షణ వలన కలిగినదా, కాలం వలన కలిగినదా? ఈ ప్రశ్నను వదలక, సహజంగా కోలుకొనడాన్ని కూడా లెక్కలోనికి తీసికొని చేసిన అధ్యయనాన్ని ఆ సంస్థ పరిశోధకులు 2018లో ప్రచురించారు. ఫలితం కన్న ముందు ఆ ప్రశ్న వేసికొనడమే శాస్త్రీయ దృష్టి.

గేజి అబద్ధం చెప్పినప్పుడు

ఇక్కడి నుండి మేము చెప్పబోయేది కొందరికి నిరుత్సాహం కలిగించవచ్చు. అయినా చెప్పక తప్పదు.

ఒక చికిత్స నిజంగా పని చేస్తున్నదో లేదో తెలిసికొనడానికి ఉత్తమ మార్గం, దానికి ఒక నకిలీని తయారు చేసి రెండింటినీ పోల్చడం. అమెరికాలో 7 నుండి 10 ఏండ్ల వయసు గల, అవధాన లోపం ఉన్న 140 మందికి పైగా పిల్లలతో అటువంటి పరీక్ష జరిగింది. కొందరికి వారి మెదడు తరంగాలనే చూపించారు. మిగిలిన వారికి మరొక పిల్లవాని నుండి ముందే నమోదు చేసి ఉంచిన తరంగాల ఆధారంగా బొమ్మను కదిలించారు. ఎవరు ఏ గుంపులో ఉన్నారో పిల్లలకు, తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు తెలియదు. 38 శిక్షణల తరువాత, 2021లో ప్రచురించిన ఫలితం ఇది: రెండు గుంపుల వారూ బాగుపడ్డారు. నిజమైన శిక్షణకు, నకిలీ శిక్షణకు మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. నిద్రలేమి విషయంలో ఆస్ట్రియాలో జరిగి 2017లో వెలువడిన పరీక్షలోనూ ఇదే తీరు. రోగులు మెరుగైనామని చెప్పారు, కాని నకిలీ శిక్షణ పొందిన వారూ అదే మాట చెప్పారు.

అయితే ఆ పిల్లలు బాగుపడింది అబద్ధమా? కాదు. వారానికి కొన్నిసార్లు ఒక పెద్దమనిషి ఓర్పుగా పక్కన కూర్చొన్నాడు. అరగంట కదలకుండా ఒకే పని చేయడం అలవాటైంది. ఇంటిలో వారు బిడ్డను తిట్టడం మాని గమనించడం మొదలు పెట్టి ఉండవచ్చు. వయసుతో పాటు నిలకడ కూడా కొంత పెరుగుతుంది. ఇవన్నీ మేలు చేసేవే. కాని ఆ మేలు తరంగం వలన కలిగిందని చెప్పి సొమ్ము పుచ్చుకొంటే అది న్యాయం కాదు.

కనుక రెండు విషయాలను వేరు చేసి చూడాలి. మనిషి తన మెదడు సంకేతాలను ఇచ్ఛాపూర్వకంగా మార్చగలడా? మార్చగలడు. దీనికి గట్టి నిదర్శనం ఉన్నది. 1999లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో నీల్స్ బిర్‌బౌమర్ బృందం, కండరాలన్నీ చచ్చుబడి మాట, చేయి లేని రోగులకు మెదడులోని నెమ్మది విద్యుత్ మార్పులను అదుపు చేయడం నేర్పింది. వారు ఆ అదుపుతో తెర మీది అక్షరాలను ఒకటొకటిగా ఎన్నుకొని వాక్యాలు వ్రాశారు. నకిలీ తరంగంతో వాక్యం వ్రాయడం సాధ్యం కాదు. ఇక రెండవ ప్రశ్న: సంకేతం మారినంత మాత్రాన వ్యాధి తగ్గుతుందా? అది ఒక్కొక్క వ్యాధికి వేరు వేరుగా ఋజువు చేయవలసిన విషయం. మూర్ఛ విషయంలో ఆశాజనకమైన చిన్న అధ్యయనాలు ఉన్నాయి. పిల్లల అవధాన లోపం విషయంలో పెద్ద పరీక్ష ఆ ఆశను బలపరచలేదు. గేటు కదిలిందన్నంత మాత్రాన కాలువ చివరి చేనుకు నీరు చేరినట్లు కాదు గదా.

మన కర్తవ్యం

మూర్ఛ వ్యాధికి డాక్టరు వ్రాసిన మందులను ఏ శిక్షణ కోసమూ తమంతట తాము మానరాదు. హఠాత్తుగా మానితే ఆగని మూర్ఛలు వచ్చి ప్రాణాపాయం కలుగవచ్చు. న్యూరోఫీడ్‌బ్యాక్ కావలెననుకొనే వారు దానిని వైద్యానికి తోడుగానే తీసుకోవాలి గాని బదులుగా కాదు. శిక్షణ ఇచ్చేవారిని మూడు ప్రశ్నలు అడగాలి. మీకు ఈ విద్యలో ఏ అర్హత ఉన్నది? ఈ వ్యాధి విషయంలో నకిలీతో పోల్చిన పరీక్షలు ఏమి చెబుతున్నాయి? ఎన్ని శిక్షణల తరువాత ఫలితం లేకపోతే ఆపివేస్తారు? ఈ మూడవ ప్రశ్నకు సమాధానం చెప్పలేని వారి వద్ద అప్పు చేసి సొమ్ము కట్టడం తగదు.

కళాశాల కమిటీ పెద్దలకు మాదొక మనవి. తరగతిలో ఎవరికైనా మూర్ఛ వస్తే ఏమి చేయాలో ప్రతి విద్యార్థికీ, ప్రతి ఉద్యోగికీ ఏడాదికొకసారి నేర్పించవలసినదిగా కోరుతున్నాము. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోటిలో చెంచా దూర్చడం, ముఖాన ఉల్లిపాయ పిండడం వలన ప్రయోజనం లేకపోగా హాని ఉన్నది. చుట్టూ ఉన్న గట్టి వస్తువులను తొలగించి, తల కింద మెత్తని గుడ్డ పెట్టి, మెడ చుట్టూ బిగుతును వదులు చేసి, కొట్టుకొనడం ఆగగానే ఒక పక్కకు ఒత్తిగిల్లజేయాలి. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తరలించాలి. తెలివి వచ్చిన తరువాత ఆ విద్యార్థిని వింతగా చూడకుండా ఉండడం అన్నిటి కన్న ముఖ్యం. మూర్ఛ అంటువ్యాధి కాదు, శాపమూ కాదు. తూకం తప్పిన విద్యుత్తు మాత్రమే. దీనికి ఏ యంత్రమూ అక్కరలేదు.

ఇక విద్యార్థులకు. మెదడు తన తప్పు తాను తెలిసికొన్నప్పుడే దిద్దుకొంటుంది అన్న పాఠం మీ పుస్తకాలకు కూడా వర్తిస్తుంది. ఒకే పాఠాన్ని పదిసార్లు చదివితే వచ్చిందన్న భ్రమ కలుగుతుంది. పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద వ్రాసి, మరల తెరచి సరిచూసుకొంటే ఏది వచ్చిందో ఏది రాలేదో అప్పటికప్పుడే తెలుస్తుంది. ఆ విధంగా తమ్ము తాము పరీక్షించుకొన్న వారికి వారం తరువాత కూడా ఎక్కువ గుర్తుంటుందని 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగపూర్వకంగా చూపారు. ఈ గేజికి రూపాయి ఖర్చు లేదు. రాత్రి నిద్రను పరీక్షలకు బలి ఇవ్వకండి, ఎందుకంటే పగలు నేర్చినది నిలదొక్కుకొనేది ఆ నిద్రలోనే.

ధవళేశ్వరం గేజి రాయి ప్రజల ముఖం చూచి అంకె తగ్గించి చెబితే ఆ రాత్రి లంక గ్రామాలు మునుగుతాయి. మెదడుకు పట్టే అద్దమైనా, రోగికి చెప్పే మాట అయినా, విద్యార్థి తనకు తాను వేసుకొనే మార్కు అయినా ఆ రాయి వలె ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. అప్పుడే గేటు ఎత్తవలసిన చేయి సకాలంలో కదులుతుంది.